పాత వ్యాగన్ ఆర్‌కి ఈసీఎం, సెన్సర్లు తక్కువ ధరలో: ముందు మల్టీమీటరు, తర్వాత పార్టు నంబరు, ఆ తర్వాతే బజారు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. 2006 వ్యాగన్ ఆర్, పెట్రోల్. పొద్దున్నే చక్కగా స్టార్టవుతుంది. ముప్పావు గంట నడిచాక ట్రాఫిక్‌లో ఆగిపోతుంది, అరగంట చల్లారితే మళ్లీ మామూలే. చెక్ లైటు ఒక్కోసారి వెలుగుతోంది. మెకానిక్ ఈసీఎం (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటరు డబ్బా) పోయిందన్నారు. కొత్తదాని ధర వింటే బండి అమ్మేయడమే నయమనిపించింది. మీరుండేది విజయవాడ. పాత బండికి ఇలాంటి ఎలక్ట్రానిక్ సామాను తక్కువలో ఎక్కడ దొరుకుతుంది, ఏది నమ్మి కొనాలి అని అడిగారు.

సూటిగా చెప్తాను. ఈసీఎం ఇప్పుడే కొనకండి. వేడికి ఆగి, చల్లారితే నడిచే బండిలో తప్పు ఎక్కువసార్లు క్రాంక్ సెన్సర్‌లోనో (ఇంజిన్ తిరగడాన్ని పసిగట్టి ఈసీఎంకి చెప్పేది), ఇగ్నిషన్ కాయిల్‌లోనో (స్పార్కు పుట్టించేది), మెయిన్ రిలేలోనో (ఈసీఎంకి కరెంటు అందించే స్విచ్చు), ఫ్యూయల్ పంపులోనో ఉంటుంది. ఈసీఎం వంతు వీటన్నిటి తర్వాతే. కొనేటప్పుడు పాటించాల్సిన పద్ధతి ఒకటే: వేడికి, పొగకి అరిగిపోయే సెన్సర్లను కొత్తవే, కానీ షోరూం డబ్బాలో కాకుండా వాటిని అసలు తయారుచేసే కంపెనీ డబ్బాలో కొనండి. ఈసీఎం, థ్రాటిల్ బాడీ (పెడల్ నొక్కితే ఇంజిన్‌కి గాలి వదిలేది), మ్యాప్ సెన్సర్ (ఆ గాలి పీడనం కొలిచేది), కప్లర్ల (వైర్లు కలిపే ప్లాస్టిక్ కనెక్టర్ల) లాంటివి కటింగ్ బండ్ల నుంచి, అంటే తుక్కు కింద విప్పేసిన బండ్ల నుంచి, సెకండ్స్‌లో (వాడినవి) తెచ్చుకోండి. రెండిట్లో దేనికైనా కొట్టువాడికి బండి పేరు చెప్పొద్దు, పార్టు నంబరు చెప్పండి.

పాత బండి మీద డబ్బు పోయేది పార్టు ఖరీదైనందుకు కాదు, అక్కర్లేని పార్టు కొన్నందుకు. అందుకే కొనుగోలు కంటే ముందు పరీక్ష గురించి కాస్త ఎక్కువే రాస్తున్నాను. ఐదారు వందల రూపాయల మల్టీమీటరు ఒకటి ఉంటే వీటిలో చాలావరకు చేసుకోవచ్చు.

బండి ఆగిపోయిన ఆ అరగంటలోనే పరీక్ష చెయ్యాలి. చల్లారాక షెడ్డుకి తీసుకెళ్తే ఎవరికీ ఏమీ దొరకదు. అప్పుడు ఊహే మిగులుతుంది, ఆ ఊహ ఈసీఎం మీదకి పోతుంది. బండి ఆగగానే తాళం ఆన్ చేసి వెనక సీటు వైపు చెవి పెట్టండి. రెండు మూడు సెకన్లు పంపు గుయ్యిమనాలి. అనకపోతే పంపు ఫ్యూజు, పంపు రిలే, మెయిన్ రిలే చూడాలి. రిలే పైన తడితే పంపు మోగిందంటే లోపల కాంటాక్టో, సోల్డరో వదిలిందని అర్థం. అది రెండు మూడు వందల వస్తువు. పంపు మోగుతుంటే సెల్ఫ్ కొడుతూ స్కానర్‌లో (ఈసీఎం చెప్పేది చదివి చూపే పరికరం) ఆర్‌పీఎమ్, అంటే ఇంజిన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో, చూడండి. ఇంజిన్ తిరుగుతున్నా ఆర్‌పీఎమ్ సున్నా దగ్గరే ఉంటే క్రాంక్ సెన్సర్ సిగ్నల్ ఈసీఎంకి అందడం లేదు. ఆ సిగ్నల్ లేకుండా ఈసీఎం స్పార్కు, ఇంజెక్టర్ (ఇంజిన్‌లోకి పెట్రోల్ చిమ్మేది) రెండూ ఆపేస్తుంది. అప్పుడు తడిగుడ్డ సెన్సర్ మీద రెండు నిమిషాలు ఉంచి మళ్లీ సెల్ఫ్ కొట్టండి (ఫ్యాను బెల్టులకి గుడ్డ తగలకుండా చూసుకోండి). వెంటనే స్టార్టయితే దొంగ దొరికినట్టే. ఆర్‌పీఎమ్ వస్తోంది, పంపు మోగుతోంది, కానీ స్పార్కు లేదంటే కాయిల్ వైపు చూడండి.

స్కానర్ గురించి ఒక మాట. మన దేశంలో ఓబీడీ (బండి తన లోపాలను తానే కనిపెట్టి చెప్పే ఏర్పాటు) మొదటి దశ 2010 ఏప్రిల్ నుంచి, రెండో దశ 2013 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అయింది. మీ బండి అంతకంటే ముందుది. 16 పిన్నుల సాకెట్ కనిపించినా చవక బ్లూటూత్ స్కానర్ దానితో మాట్లాడకపోవచ్చు. అంతమాత్రాన ఈసీఎం చచ్చిపోయిందని అనుకోవద్దు. పాత మారుతి బండ్లకి పనికొచ్చే స్కానర్ ఉన్న ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర ఒకసారి పెట్టించండి. ఇంకా పాత సుజుకి ఇంజిన్లలో డయాగ్నసిస్ టెర్మినల్‌ని ఎర్త్‌కి కలిపితే చెక్ లైటే మెరుస్తూ నంబరు చెప్తుంది. 12 అని మెరిస్తే నమోదైన లోపం లేదని.

స్కానర్ చూపే కోడ్‌ని కూడా పార్టు పేరుగా చదవొద్దు. పి 0335 అంటే క్రాంక్ సెన్సర్ సర్క్యూట్‌లో లోపం. సర్క్యూట్ అంటే సెన్సర్, కప్లరు, వైరు, ఎర్త్, ఈసీఎం పిన్ను, అన్నీ. మన ఊళ్లలో బండి నాలుగు రోజులు కదలకపోతే ఎలుకలు వైరింగ్ కొరుకుతాయి. సముద్రతీర ఊళ్లలో ఉప్పుగాలికి కప్లర్ పిన్నులు పచ్చబారతాయి. బయట గ్యాస్ కిట్ బిగించిన బండ్లలో ఇంజెక్టర్ వైర్లు, ఆక్సిజన్ సెన్సర్ (పొగలో ఆక్సిజన్ చూసేది) వైరు కోసి, మెలిపెట్టి, టేపు చుట్టి ఉంటాయి. సెంట్రల్ లాక్, మ్యూజిక్ సిస్టమ్ పెట్టినవాళ్లు డాష్‌బోర్డు కింద కోసిన వైర్లు వేరే. పదిహేనేళ్లు దాటిన బండిలో కొత్త సెన్సర్ బిగించినా కోడ్ తిరిగొచ్చిందంటే ఈ అతుకుల దగ్గర వెతకండి. తీగ లాగితే డొంకంతా కదులుతుంది.

కొలతలు ఇవీ. బ్యాటరీ, ఇంజిన్ ఆపి ఉండగా 12.4 వోల్టుల పైన ఉండాలి. సెల్ఫ్ కొడుతుండగా 9.6 కంటే కిందికి పడకూడదు. ఇంజిన్ నడుస్తుంటే 13.8 నుంచి 14.5 రావాలి. సెల్ఫ్ కొడుతూ ఇంజిన్ బ్లాకుకీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య కొలిస్తే 0.2 వోల్టులు దాటకూడదు. దాటితే ఎర్త్ వైరు విప్పి, తుప్పు గీకి, బిగించండి. ఖర్చు ఎమెరీ కాగితం ముక్క.

క్రాంక్ సెన్సర్ రెండు వైర్లదైతే లోపల కాయిల్ ఉంటుంది. ఓమ్స్‌లో కొన్ని వందల నుంచి వెయ్యి చిల్లర వరకు చూపాలి, సెల్ఫ్ కొడుతుంటే ఏసీ వోల్టుల్లో అర వోల్టు చుట్టూ అయినా పుట్టాలి. చల్లగా ఒకసారి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేసి ఒకసారి కొలవండి. వేడిలో రీడింగు గల్లంతైతే లోపల తీగ తెగింది. మూడు వైర్లదైతే అది హాల్ రకం, దానికి ఓమ్స్ కొలిచి లాభం లేదు. కప్లర్ దగ్గర కరెంటు, ఎర్త్ వస్తున్నాయా, సిగ్నల్ వైరు మీద వోల్టేజి ఎక్కి దిగుతోందా అన్నదే చూడాలి.

కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ 20 డిగ్రీల దగ్గర సుమారు 2.2 నుంచి 2.5 కిలో ఓమ్స్, 80 డిగ్రీల దగ్గర 300 ఓమ్స్ చుట్టూ ఉండాలి. వేడినీళ్ల గిన్నెలో ముంచి ఇంట్లోనే కొలవచ్చు. చాలా పాత బండ్లలో ఇవి రెండుంటాయి. ఒక్క వైరున్నది మీటరు ముల్లుకి, రెండు వైర్లున్నది ఈసీఎంకి. కొట్టులో తప్పుగా ఇచ్చేది ఎక్కువగా ఇదే. థ్రాటిల్ సెన్సర్ మూసి ఉన్నప్పుడు అర వోల్టు దగ్గర మొదలై, పెడల్ పూర్తిగా నొక్కితే 4 వోల్టులు దాటాలి. మధ్యలో ఎక్కడా గెంతకూడదు. మ్యాప్ సెన్సర్, ఇంజిన్ ఆపి తాళం ఆన్‌లో ఉంచితే, స్కానర్‌లో ఊరి గాలి పీడనమే చూపాలి. విజయవాడలో 100 కిలోపాస్కల్స్ దగ్గర, హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది కాబట్టి అక్కడ 95 చుట్టూ. ఇంజిన్ ఐడిల్‌లో (పెడల్ నొక్కకుండా నడుస్తుంటే) 30 నుంచి 40. ఇంజెక్టర్లు ఈ తరం పెట్రోల్ బండ్లలో ఎక్కువగా 11 నుంచి 16 ఓమ్స్.

ఇక ఈసీఎం నిజంగా పోయిందా? తాళం ఆన్ చేస్తే చెక్ లైటు వెలిగి, స్కానర్ దానితో మాట్లాడుతోందంటే దాని మెదడు బతికే ఉంది. మాట్లాడకపోతే ముందు ఈసీఎం కప్లర్ దగ్గర కరెంటు పిన్నులన్నిట్లో బ్యాటరీ వోల్టేజి, ఎర్త్ పిన్నుల్లో మంచి ఎర్త్ ఉన్నాయా చూడాలి. అవి ఉండీ పలకకపోతే, సెన్సర్లకి వెళ్లే 5 వోల్టుల లైను కొలవండి. ఇక్కడే చాలా ఈసీఎంలు అన్యాయంగా చెత్తకుప్పకి పోతాయి. ఒక్క సెన్సర్ లోపల షార్టయినా ఆ 5 వోల్టులు కూలిపోయి ఈసీఎం మొద్దుబారిపోతుంది. సెన్సర్ కప్లర్లు ఒక్కొక్కటిగా పీకుతూ మీటరు చూడండి. ఏది పీకినప్పుడు 5 వోల్టులు తిరిగొచ్చాయో అదే తప్పు సెన్సర్. ఏదీ పీకినా రాకపోతే వైరింగ్ షార్టు, అదీ కాకపోతే ఈసీఎం. ఇంజెక్టర్ పల్స్ చూడ్డానికి కిలో ఓమ్ రెసిస్టర్ కట్టిన ఎల్ఈడీ వాడండి. 12 వోల్టుల బల్బు టెస్ట్ ల్యాంపు ఈసీఎం పిన్నులకి పెట్టొద్దు. అది లాగే కరెంటుకి ఈసీఎం లోపల ఇంజెక్టర్‌ని నడిపే భాగం (డ్రైవర్ అంటారు) బాగున్నది కూడా కాలిపోవచ్చు.

పరీక్ష తర్వాత నంబరు. మోడల్ పేరు పార్టు నంబరు కాదు. వ్యాగన్ ఆర్ అన్న ఒక్క పేరు కింద 1999 చివరి నుంచి ఎన్ని మార్పులు వచ్చాయో చూడండి. బీఎస్ 2, బీఎస్ 3 (పొగ నియమాల దశలు), 2006లో వచ్చిన ఎల్‌పీజీ డ్యుయో, 2010లో పూర్తిగా వేరే ఇంజినైన కే10. మీ బండిది 1061 సీసీ ఎఫ్10డీ ఇంజిన్. దీని మంచి సంగతేమిటంటే ఇదే ఇంజిన్ అప్పటి ఆల్టో 1.1లోనూ, మొదటి జెన్ ఎస్టిలోలోనూ ఉంది. సెన్సర్లు, కాయిల్స్, థ్రాటిల్ సామాను వెతికేటప్పుడు ఆ బండ్లని కూడా కలుపుకుంటే దొరికే అవకాశం చాలా పెరుగుతుంది. నంబరు కలవడం మాత్రం తప్పనిసరి. ఈసీఎం విషయంలో ఈ వెసులుబాటు లేదు.

సుజుకి నంబర్లలో మొదటి ఐదంకెలు పార్టు రకం చెప్తాయి. 33920 ఈసీఎం, 33220 క్రాంక్ లేదా క్యామ్ సెన్సర్, 18213 ఆక్సిజన్ సెన్సర్, 18590 మ్యాప్ సెన్సర్, 13650 కూలెంట్ టెంపరేచర్ సెన్సర్, 18137 ఐడిల్ వాల్వు. మన దేశంలో తయారైన వాటికి ఆ ఐదంకెల తర్వాత ఎమ్ అక్షరం ఉంటుంది. తర్వాత వచ్చే అక్షరాలు, అంకెలే అసలు తేడా చెప్పేవి. చివరి రెండంకెలు మారితే సెన్సర్ల విషయంలో కొన్నిసార్లు కొత్త నంబరు పాతదాని స్థానంలో వచ్చిందని అర్థం. ఈసీఎంలో మాత్రం వేరే ప్రోగ్రామని అర్థం. హ్యుందాయ్ బండి ఉన్నవాళ్లకి: 39180 క్రాంక్ సెన్సర్, 39210 ఆక్సిజన్, 39110 ఈసీఎం, 27301 కాయిల్, 35150 ఐడిల్ వాల్వు. టయోటాలో 89661 ఈసీయూ (ఈసీఎంకే ఇంకో పేరు), 89465 ఆక్సిజన్ సెన్సర్.

పార్టు విప్పి చూస్తే దాని ఒంటి మీద ఇంకో నంబరు కూడా ఉంటుంది, తయారుచేసినవాళ్లది. బండి కంపెనీలు సెన్సర్లు తామే చేసుకోవడం అరుదు. బాష్, డెన్సో, కాంటినెంటల్, మాగ్నెటి మారెల్లి, డెల్ఫి లాంటివాళ్లు చేసిస్తారు. బాష్ నంబరు 0 258తో మొదలైతే ఆక్సిజన్ సెన్సర్, 0 261 210 అయితే క్రాంక్ సెన్సర్ల వరస, 0 221 అయితే కాయిల్. ఆ నంబరుతో అదే పార్టు తయారీదారు డబ్బాలో అడిగితే సాధారణంగా షోరూం ధర కంటే బాగా తక్కువకి దొరుకుతుంది. వస్తువు ఒకటే, డబ్బా వేరు. నంబరు కనపడకుండా నూనె పట్టి ఉంటే పెట్రోల్ తడిపిన గుడ్డతో తుడవండి. బ్లేడుతో గీకారంటే నంబరే పోతుంది.

బజారుకి వెళ్లే వరస ఇది. ముందు మారుతి జెన్యూన్ పార్ట్స్ కౌంటర్. వర్క్‌షాపు కాదు, విడిగా స్పేర్లు అమ్మే కౌంటర్. చాసిస్ నంబరు చెప్తే సరైన పార్టు నంబరు, అది మారి ఉంటే కొత్త నంబరు, ఎంఆర్‌పీ మూడూ చెప్తారు. అక్కడ కొనకపోయినా ఈ మూడూ రాసుకోండి. మిగతా బేరమంతా వీటి మీదే నడుస్తుంది. కొన్నిసార్లు చిన్న సెన్సర్ కంపెనీ డబ్బాలోనే ఊహించినదానికంటే చవగ్గా ఉంటుంది, వెతుకులాట అక్కడితో అయిపోతుంది.

రెండోది, మీ ఊళ్లోనే ఉన్న జవహర్ ఆటోనగర్. మీరు అదృష్టవంతులు, రాష్ట్రం మొత్తం అక్కడికే వస్తుంది. బాష్, డెన్సో లాంటి కంపెనీల డీలర్లున్న వీధి వేరు, కటింగ్ బండ్ల కొట్లు వేరు. రెండూ ఒకే రోజు తిరగండి. హైదరాబాద్ వాళ్లకి కొత్త సామాను రాణిగంజ్, పుత్లీబౌలి. విశాఖ వాళ్లకి గాజువాక ఆటోనగర్. ఇక్కడ దొరకని ఈసీఎంకి చెన్నై పుదుపేట, బెంగళూరు శివాజీనగర్, ఢిల్లీ మాయాపురి పెద్ద సెకండ్స్ బజార్లు. తెలిసిన కొట్టువాడి ద్వారా అయితేనే అక్కడినుంచి తెప్పించండి. ముందు లేబుల్ ఫోటో, కప్లర్ పిన్నుల ఫోటో వాట్సాప్‌లో తెప్పించుకుని, మీ పాతదాని పక్కన పెట్టి ఒక్కో అంకె పోల్చండి. ఆర్టీసీ కార్గోలో వేయించుకోవచ్చు కానీ బబుల్ షీటు చుట్టి అట్టపెట్టెలో పెట్టమనండి. పేపర్లో చుట్టి గోతాంలో వేస్తే కప్లర్ పిన్నులు వంగుతాయి.

ఆన్‌లైన్‌లో కొంటే మోడల్ ఎంచుకుని కాదు, వెతికే గడిలో నంబరు కొట్టి కొనండి. ఎలక్ట్రికల్ వస్తువులకి వాపసు నియమం ముందే చదవండి. పెట్టె తెరిచేటప్పుడు వీడియో తీసుకోండి.

ఏది కొత్తది, ఏది సెకండ్స్. క్రాంక్, క్యామ్ సెన్సర్లు సెకండ్స్‌లో తీసుకోవద్దు. మీ బండిలో ఏ వేడికి తీగ తెగిందో ఆ వేడిలోనే అదీ పదిహేనేళ్లు ఉడికింది. ఆక్సిజన్ సెన్సర్ సెకండ్స్‌లో అసలే వద్దు, దాని ప్రాణం లోపలి పింగాణీ కొన మీదే ఉంటుంది, నూనె పొగ తిన్నదో లేదో బయటికి కనపడదు. కూలెంట్ సెన్సర్, రిలేలు, ప్లగ్ వైర్లు, పంపు కూడా కొత్తవే. కాయిల్ కొత్తది దొరక్కపోతేనే సెకండ్స్, అదీ ప్రైమరీ, సెకండరీ (కాయిల్ లోపలి రెండు తీగచుట్లు) రెండూ కొలిచి (లోపలే ఇగ్నైటర్ ఉన్న కాయిల్‌ని ఓమ్స్‌తో తేల్చలేం, బండికి పెట్టి చూడాల్సిందే).

మ్యాప్ సెన్సర్లో అరిగేది తక్కువ, సెకండ్స్ ఫర్వాలేదు. థ్రాటిల్ బాడీ సెన్సర్‌తో సహా మొత్తంగా తీసుకోండి, విడి సెన్సర్ కంటే అదే చవగ్గా పడటం మామూలే. ఐడిల్ వాల్వు కొనేముందు విప్పి కార్బ్ క్లీనర్‌తో కడగండి. ఐడిల్ ఎగుడుదిగుళ్లలో చాలా భాగం అక్కడి మసి వల్లే. ఇంజెక్టర్లు రైలుతో సహా తెచ్చుకుని క్లీనింగ్ మిషన్ మీద నాలుగింటి పారుదలా సమానంగా ఉందో చూపించుకోండి. ఇది పెట్రోల్ బండ్ల మాట. కామన్ రైల్ డీజిల్ ఇంజెక్టర్లకి తలమీద కోడ్ ఉండి దాన్ని ఈసీయూలో ఎక్కించాల్సిన రకాలుంటాయి, ఆ సెకండ్స్ జోలికి తొందరపడి పోవద్దు. కప్లర్ విరిగిందా? కటింగ్ కొట్లో కప్లర్‌తో పాటు జానెడు వైరు ఉంచి కోయమనండి. మొదట్లోకి కోసిన కప్లర్ ఎందుకూ పనికిరాదు.

డూప్లికేట్ల మాట. అసలుదానికి డబ్బా మీద ఎంఆర్‌పీ, ప్యాకింగ్ నెల, ఏడాది, తయారీదారు చిరునామా ఉంటాయి, పార్టు ఒంటి మీద నంబరు లేజర్‌తోనో అచ్చులోనో ఉంటుంది. స్టిక్కర్ మాత్రమే ఉండి ఒంటి మీద ఏమీ లేకపోతే అనుమానించండి. క్రాంక్ సెన్సర్ డూప్లికేట్‌లో ఓమ్స్ సరిగ్గానే చూపుతుంది, అయస్కాంతం బలహీనంగా ఉంటుంది. లేదా బిగించే చెవి మందం అర మిల్లీమీటరు ఎక్కువుండి సెన్సర్ మొన పంటిచక్రానికి దూరమవుతుంది. చల్లగా నడుస్తుంది, వేడెక్కాక సెల్ఫ్ నెమ్మదిగా తిరిగినప్పుడు సిగ్నల్ చాలదు. అంటే కొత్తది వేశాక కూడా అదే జబ్బు, మళ్లీ నేరం ఈసీఎం మీదకి. పాత సెన్సర్ వెంట తీసుకెళ్లి, చెవి మందం, మొన పొడవు, వైరు పొడవు, కప్లర్ గాడి పక్కపక్కన పెట్టి చూడండి. ఎలక్ట్రికల్ సామాను వాపసు తీసుకోబోమన్నది అన్ని కొట్లలోనూ ఉన్న మాటే. డబ్బు ఇచ్చేముందే అక్కడే మీటరు పెట్టి చూపించమనండి.

ఆక్సిజన్ సెన్సర్‌లో డబ్బు మిగిల్చే దారి ఒకటుంది. కప్లర్ లేకుండా వచ్చే యూనివర్సల్ నాలుగు వైర్ల సెన్సర్ కొని, పాతదాని కప్లర్‌కి కలుపుకోవడం. రంగులు తెలిసుండాలి. బాష్ రకంలో నలుపు సిగ్నల్, బూడిదరంగు సిగ్నల్ ఎర్త్, రెండు తెలుపులు హీటర్. డెన్సో రకంలో నీలం సిగ్నల్, తెలుపు ఎర్త్, రెండు నలుపులు హీటర్. అంటే ఒకదాంట్లో హీటరైన తెలుపు ఇంకోదాంట్లో ఎర్త్, అందుకే రంగుకి రంగు కలిపారో సెన్సర్ మొదటి రోజే కాలుతుంది. అతుకుకి సోల్డర్ వాడొద్దు, క్రింప్ చెయ్యండి. సెన్సర్ బయటి గాలిని వైరు పోగుల సందుల్లోంచే పీలుస్తుంది, సోల్డర్, గ్రీజు ఆ దారిని మూసేస్తాయి. బిగించేటప్పుడు యాంటీసీజ్ పేస్టు మరలకే పూయాలి, మొనకి తగలకూడదు. ఇంజిన్ నూనె తాగుతుంటే, లేదా సైలెన్సర్ దగ్గర గాలి కారుతుంటే ముందు అది చూసుకోండి. లేకపోతే కొత్తదీ మురికవుతుంది, కోడూ పోదు, పొల్యూషన్ సర్టిఫికెట్టూ రాదు.

ఇవన్నీ అయ్యాక ఈసీఎమే దోషి అని తేలితే మూడు దారులు.

మొదటిది, మీ ఈసీఎంనే బాగుచేయించడం. పాత బండికి ఇదే మేలైన దారని నా గట్టి అభిప్రాయం. ప్రోగ్రామ్ మీదే, తాళం డేటా మీదే, కప్లర్ మీదే. ఈసీఎంలో ఎక్కువగా పోయేవి కాయిల్, ఇంజెక్టర్ డ్రైవర్లు, వోల్టేజి రెగ్యులేటర్, కారిన కెపాసిటర్లు, పగిలిన సోల్డర్లు, నీళ్లు చేరి పచ్చబారిన గీతలు. బోర్డు స్థాయిలో రిపేరు చేసేవాళ్లు విజయవాడలో, హైదరాబాద్‌లో ఉన్నారు. ఇచ్చేముందు లేబుల్, బోర్డు ఫోటోలు తీసుకోండి, లోపలి డేటా ముందుగా కాపీ చేసి ఉంచమనండి, ఏ భాగం మార్చారో చూపించమనండి, కనీసం మూడు నెలల వారంటీ బిల్లు మీద రాయించుకోండి. ప్రాసెసరే కాలిపోతే, బోర్డు లోపలి పొరలు తుప్పు పడితే రిపేరు నిలవదు.

రెండోది సెకండ్స్ ఈసీఎం. ఇక్కడ అసలు చిక్కు ఇమ్మొబిలైజర్, అంటే వేరే తాళంతో ఇంజిన్ స్టార్టవకుండా ఆపే ఏర్పాటు. ఆ కాలం మారుతి బండ్లలో ఐక్యాట్స్ పేరుతో వచ్చింది. తాళంలో చిప్పు, ఇమ్మొబిలైజర్ డబ్బా, ఈసీఎం మూడూ ఒకదాన్నొకటి గుర్తుపట్టాలి. ఈసీఎం ఒక్కటే తెచ్చి పెడితే సెల్ఫ్ తిరుగుతుంది, ఇంజిన్ అందుకోదు, లేదా అందుకుని వెంటనే ఆగిపోతుంది. అందుకని కటింగ్ కొట్లో సెట్టుగా అడగండి: ఈసీఎం, ఇమ్మొబిలైజర్ డబ్బా, ఆ బండి తాళం. మూడూ ఒకే బండివై ఉండాలి. తలుపుల తాళం మీదే వాడుకుంటూ, ఆ పాత తాళంలోని చిప్పు మాత్రం మీ తాళంలోకి మార్పించుకోవచ్చు. సెట్టు దొరకకపోతే మీ పాత ఈసీఎం మెమరీ చిప్పులోని డేటా దొరికినదాంట్లోకి ఎక్కించాలి. రిపేరువాళ్లే చేస్తారు, ఆర్సీ, గుర్తింపు కార్డు తీసుకెళ్లండి. కొట్టులో బిల్లు తప్పకుండా అడగండి. బిల్లు ఇవ్వనన్న చోట దొంగబండి సామాను కావచ్చు, కొన్నవాడి మీదకీ కేసు రావచ్చు. గుర్తింపు ఉన్న వాహన స్క్రాపింగ్ కేంద్రాల నుంచి వచ్చిన సామానైతే ఈ బెంగ ఉండదు.

మూడోది కొత్తది. దొరికినా ఈ వయసు బండికి నేను సిఫారసు చెయ్యను.

ఏ దారైనా, వేరే ఈసీఎం బిగించేముందు పాతది ఎందుకు కాలిందో తేల్చండి. కాయిల్ ప్రైమరీ సాధారణంగా ఒక ఓమ్ అటూ ఇటూగా ఉంటుంది. సున్నాకి పడిపోయిన కాయిల్ పాత ఈసీఎం డ్రైవర్‌ని కాల్చినట్టే కొత్తదాన్నీ మొదటి ఐదు నిమిషాల్లో కాలుస్తుంది. ఏ ఒక్క ఇంజెక్టరైనా మూడు నాలుగు ఓమ్సే చూపినా అంతే. ఏసీ డ్రైను పైపు మూసుకుపోయి నీళ్లు డాష్‌బోర్డు కిందికి కారుతున్నాయా, ముందు అద్దం రబ్బరు దగ్గర వాన నీళ్లు దిగుతున్నాయా చూడండి. బండి మీద వెల్డింగ్ చేయిస్తే బ్యాటరీ మైనస్ తీసి, ఈసీఎం కప్లర్ పీకి ఉంచండి. వేరే బండి బ్యాటరీతో స్టార్ట్ చేసేటప్పుడు ప్లస్, మైనస్ తారుమారైతే ఒక్క క్షణం చాలు.

బిగించేటప్పుడు బ్యాటరీ మైనస్ తీసి పది నిమిషాలు ఆగండి, కప్లర్ నిటారుగా తొయ్యండి, లాక్ టిక్కుమనాలి. తర్వాత ఏసీ, లైట్లు ఆపి ఇంజిన్‌ని ఫ్యాను తిరిగి ఆగేదాకా ఐడిల్‌లో ఉంచండి. తర్వాత ఏసీ వేసి ఇంకో ఐదు నిమిషాలు. మొదటి ఒకటి రెండు రోజులు ఐడిల్ కాస్త అటూ ఇటూ అయితే కంగారొద్దు, ఈసీఎం నేర్చుకుంటోంది.

మీ బండి సంగతికొస్తే, నేనైతే వెళ్లే వరస ఇది: ఎర్త్‌లు శుభ్రం చెయ్యడం, మెయిన్ రిలే మార్చడం, వేడిలో ఆగినప్పుడు ఆర్‌పీఎమ్ చూడటం, అది సున్నా అయితే అసలు తయారీదారు డబ్బాలో క్రాంక్ సెన్సర్. ఇదంతా కలిపి రెండు మూడు వేలు దాటకపోవచ్చు. అక్కడ తేలకపోతేనే కాయిల్, ఆ తర్వాతే ఈసీఎం కప్లర్ విప్పడం.

ఒకవేళ ఈసీఎం మార్చాల్సే వచ్చినా, పాతది ఇస్తే ఐదొందలు తగ్గిస్తామని కొట్టులో అంటారు, ఇవ్వకండి. మీ తాళాల డేటా దాంట్లోనే ఉంది. ఆరు నెలల తర్వాత సెకండ్స్ ఈసీఎం మొండికేస్తే డేటా తీసుకోవడానికీ, బాగుచేయించుకోవడానికీ అదే ఆధారం. లేబుల్ మీద బండి నంబరు రాసి, సిలికా జెల్ పొట్లంతో పాటు గట్టి మూత డబ్బాలో పెట్టి బీరువాలో ఉంచండి.